నంబర్లు వేయని కాగితాలు

జూన్ 18

అమ్మకు,

నేను క్షేమం. టీచరు ట్రైనింగు హాస్టల్లో మా గదికి నాలుగు మంచాలు, ఒకే కిటికీ. కిటికీ పక్క మంచం నాకే దక్కింది. దక్కింది అంటే, జల్లు కొడుతుందని మిగతా ముగ్గురూ వద్దన్నారు. ఇక్కడ అందరి నాన్నలూ ఏదో ఒకటి చదివినవాళ్లే. ఫారంలో "తల్లి చదువు" అన్న చోట గీత పెట్టాను. ఆ గీత చూసి గుమాస్తా "ఇది పూర్తి చెయ్యి" అన్నాడు. పూర్తయిందండీ అన్నాను.

మా ఇంగ్లీషు లెక్చరరు గారు ఆర్నెల్లు చేయాల్సిన పని ఒకటి ఇచ్చారు. ఇంగ్లీషులో రెండు మూడు చిన్న మాటలు జతకట్టి, విడివిడిగా వాటిలో లేని అర్థం చెబుతాయి. అవి తలా ఒక గుంపు పంచారు. నాకు వచ్చినవి, ఒక మనిషో ఒక ఆలోచనో మెల్లమెల్లగా నచ్చడం గురించి చెప్పేవి. టేక్ టు, వార్మ్ టు, కమ్ రౌండ్ టు, గ్రో ఆన్, ఇలా మొత్తం ఏడు. ఒక్కోదానికి ఒక్కో కాగితం. పైన ఇంగ్లీషు వాక్యం, కింద తెలుగులో వివరం. ఉదాహరణ మన బతుకులోంచే ఇవ్వాలట. పుస్తకంలోంచి ఎత్తి రాస్తే సున్నా అన్నారు. మొదటి కాగితం నిన్ననే రాశాను. ఏం రాశానో అడగకు.

బయల్దేరేటప్పుడు నువ్వన్న మాట గుర్తుంది. "బాబాయి అని పిలిస్తే నీ నోరేం అరిగిపోతుందే?" అన్నావు. అరగదు. కానీ తిరగడం లేదమ్మా. నువ్వు ఆయన్ని చేసుకున్న దగ్గర్నుంచీ, నాలుగేళ్లుగా అడుగుతున్నావు. ఇంకోసారి అడగకు.

ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్నవారికి: మీరు బైండు చేసి ఇచ్చిన డిక్షనరీ వీపు మొదటి రోజే విరిగింది. తెలియజేస్తున్నాను.

ఇట్లు,
నీ కూతురు

*

జూలై 1

మా పంతులమ్మకు,

మీ అమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమంది.

"ఏమే, జల్లు పడే మంచమే దొరికిందా నీకు? ఇంట్లో నా మీద లేచే నోరు అక్కడేమైంది? ఆ ముగ్గురినీ ఒకసారి నా దగ్గరికి పంపు, చెబుతాను. వద్దులే, ఇది రాయకు."

రాసేశాను.

"దగ్గు ఉంది. ఉంటే ఏం, షాపులో కాగితం దుమ్ముకి అందరూ దగ్గుతారు. యజమానైతే నాకంటే గట్టిగా దగ్గుతాడు, ఆయనకి ఫ్యాను కూడా ఉంది. నిన్న నాలుగు వందల అచ్చు ఫారాలు మడిచాను. ఇంత పెద్ద కాగితాన్ని మూడు మడతల్లో పుస్తకం పేజీ చేసేస్తాను కదా, నాకు చదువు రాదని ఎవడంటాడు? పదహారు పేజీలూ నా చేతి కిందే పోతాయి. పిల్లా, వేళకి తిను. మా పంతులమ్మ సన్నబడితే ఊరుకోను."

ఇక్కడితో ఆవిడ మాటలు అయిపోయాయి. సంతకం బదులు ఎప్పటిలాగే ఈ ఉత్తరాన్ని తనే తన ఎముక బద్దతో నొక్కి మడుస్తానంటోంది. మడత చూస్తే నీకు తెలుస్తుందట.

డిక్షనరీ సంగతి. తప్పు నాదే, ఇచ్చేటప్పుడు చెప్పాల్సింది. కొత్తగా బైండు చేసిన పుస్తకాన్ని మధ్యకి ఒక్కసారిగా తెరవకూడదు. బల్ల మీద నిలబెట్టి, ముందు నుంచి నాలుగు కాగితాలు విప్పి వేలితో మెల్లగా నొక్కి నిమరాలి. తర్వాత వెనక నుంచి నాలుగు. మళ్లీ ముందు నుంచి నాలుగు. అలా రెండు వైపుల నుంచీ వస్తూ మధ్యలో కలవాలి. అప్పుడు వీపు విరగదు, పుస్తకం చెప్పినట్టు వింటుంది. ఎవరి చేతనైనా పంపిస్తే బాగుచేస్తాను.

నా అక్షరాలు విడివిడిగా ఉన్నాయని నువ్వు నవ్వేదానివి. నేను బడికి పోలేదు. అట్టల మీద పేర్లు కొట్టే అచ్చు అక్షరాలు ఒక్కొక్కటే ఏరుతూ నేర్చుకున్నాను. అందుకే అవి ఒకదాన్నొకటి పట్టుకోవు.

ఇట్లు,
బైండరు

*

ఆగస్టు 9

అమ్మకు,

మడత చూశాను. చూడగానే తెలిసింది.

నన్ను దగ్గర్లోని బడికి పాఠం చెప్పడానికి పంపుతున్నారు. నలభై రెండు మంది పిల్లలు. మొదటి వారం నేను బోర్డు వైపు తిరగ్గానే ఎవరో పిల్లిలా అరిచేవాళ్లు. తిరిగి చూస్తే నలభై రెండు మందీ దేవదూతల్లా కూర్చుని ఉండేవాళ్లు. మొన్న ఆ పిల్లి అరవలేదు. నాకే వెలితిగా అనిపించి, "ఇవాళ పిల్లి రాలేదా?" అన్నాను. గది గదంతా నవ్వింది. ఆ తర్వాత పాఠం విన్నారు. దీన్నే ఇంగ్లీషులో వార్మ్ టు అంటారు. చల్లగా ఉన్నది కాస్త వెచ్చబడడం. నా నాలుగో కాగితానికి ఈ ఉదాహరణే రాద్దామనుకున్నాను. కానీ మొదటి కాగితంలో ఒక మనిషి గురించి మొదలుపెట్టాను, ఏడింటిలోనూ ఆ మనిషే ఉంటే బాగుంటుందని లెక్చరరు గారు అన్నారు.

ఆ మనిషి ఎవరో నీకు తెలుసు. వినిపిస్తున్నవారికీ తెలిసే ఉంటుంది.

రాస్తుంటే ఎప్పటివో గుర్తొస్తున్నాయి. వాన పడిన రోజు ఆయన గొడుగు తెచ్చి బడి గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి, నేను బయటికి వచ్చేలోపే వెళ్లిపోయేవాడు. నా స్నేహితురాళ్లు "ఎవరే ఆయన?" అని అడిగితే "మా అమ్మ పనిచేసే షాపు మనిషి" అన్నాను. అబద్ధం కాదు కదా అని అప్పట్లో సర్దుకున్నాను. ఇప్పుడు దాన్ని కాగితం మీద రాసి చూసుకుంటే సర్దుకోవడం కుదరడం లేదు.

డిక్షనరీని బడిలో కుట్టుపని టీచరు బాగుచేసింది. ముందు నుంచి నాలుగు, వెనక నుంచి నాలుగు తెరిచాను. ఈసారి విరగలేదు.

నీ దగ్గు ఎలా ఉంది? నిజం చెప్పు.

ఇట్లు,
నీ కూతురు

*

ఆగస్టు 24

మా పంతులమ్మకు,

మీ అమ్మ మాటలు:

"దగ్గా? ఏ దగ్గు? ఎప్పుడో పోయింది. ఆ పిల్లిపిల్లాణ్ని కొట్టకు, మంచివాడు. నువ్వూ చిన్నప్పుడు అంతే. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి కదా, ఇంటి మీద ధ్యాస పెట్టుకోకు. ఇక్కడ నాకేం? రాజభోగం. ఇదిగో, ఈయన నన్ను కూర్చోబెట్టి పని చేస్తున్నాడు, పక్కవాళ్లు నవ్వుతున్నారు. గొడుగు సంగతి చదివి లేచి వెళ్లాడు. జిగురు మాడుతోందట. మన జిగురు పొయ్యి మీద పెట్టేదే కాదు."

ఆవిడ నీళ్లు పట్టడానికి కొళాయి దగ్గరికి వెళ్లింది. ఈ కింద ఉన్నవి నా మాటలు. వచ్చేలోపు రాసి మడిచేస్తాను, అందుకే మడత వంకర.

దగ్గు తగ్గలేదు. డాక్టరు రెండు రకాల మాత్రలు మార్చాడు. ఇప్పుడు షాపుకి సగం రోజే వస్తోంది, ఆ మడతలు కూడా నేనే మడుస్తున్నాను. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. వీలైతే ఒకసారి వచ్చి వెళ్లు. నేను చెప్పానని చెప్పకు.

బైండరు

*

అక్టోబరు 3

పైన మిమ్మల్ని ఏమని సంబోధించాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

హాస్టల్‌కి తిరిగొచ్చి నాలుగు రోజులైంది. మంచం మీద అమ్మ మడిచిన పాత ఉత్తరాలు పరుచుకుని కూర్చున్నాను. గదిలో ముగ్గురూ నన్ను చూసి గట్టిగా మాట్లాడడం మానేశారు. ఒకమ్మాయి తన మంచం నాకిచ్చి, తను కిటికీ పక్కకి మారింది. నేను అడగలేదు.

అమ్మ పోయిన మూడో రోజునే వచ్చేశాను. పరీక్ష ఉందని చెప్పాను. పరీక్ష ఉన్న మాట నిజమే, కానీ అది పదో తారీకున. ఆ రెండు గదుల్లో మీరూ నేనూ ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడుకుంటామో నాకు తెలియలేదు.

ఆసుపత్రి వరండాలో మిమ్మల్ని ఒక మాట అన్నాను. "వీలైతే రా అని రాస్తారా ఎవరైనా? రమ్మని గట్టిగా రాయాలి కదా" అన్నాను. మీరు తల వంచుకుని "అవునమ్మా" అన్నారు. మీరు నాలుగు ముక్కలైనా రాశారు. చదివి కూడా సెలవులదాకా ఆగింది నేను. నేను వచ్చేసరికి అమ్మకి గొంతు లేదు. నా చెయ్యి పట్టుకుని వేళ్లు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. అంతే.

ఇల్లు ఏం చేస్తారో మీ ఇష్టం. నాకిప్పుడు ఏదీ ఆలోచించే ఓపిక లేదు.

*

అక్టోబరు 15

అమ్మాయీ,

పైన ఖాళీ వదిలినందుకు బాధపడకు. ఏ పుస్తకమైనా తెరవగానే మొదట వచ్చేది ఖాళీ కాగితమే. దాని మీద ఏమీ అచ్చు వేయరు. చూసేవాళ్లు వృథా అనుకుంటారు. అట్టనీ లోపలి పుస్తకాన్నీ కలిపి పట్టుకునేది అదే.

ఆసుపత్రిలో నువ్వన్నది సరైన మాటే. గట్టిగా రాయాల్సింది. గట్టిగా చెప్పే హక్కు నాకుందో లేదో అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఒట్టు కంటే అదే ఎక్కువ అడ్డం పడింది.

షాపులో మీ అమ్మ పీట ఖాళీగా ఉంది. కొత్తావిడని పెట్టారు. చెయ్యి చురుకే, కానీ మడత అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. అందరూ మీ అమ్మ కాలేరు.

ఒక సంగతి అడగాలి. ఇల్లు అద్దెకిచ్చినాయన అడుగుతున్నాడు, ఈ నెలాఖరుకో వచ్చే నెలాఖరుకో ఏదో ఒకటి తేల్చమని. ఒక్కడికి రెండు గదులు ఎక్కువే. నువ్వు చదువు ముగించుకుని ఇక్కడికి వస్తానంటే ఇల్లు ఉంచుతాను. నీ మంచం ఎక్కడుందో అక్కడే ఉంది, దుప్పటి ఉతికి పెట్టాను. రాననుకుంటే ఆ మాటే రాయి. మీ అమ్మ వల్ల మనం ఒక ఇంట్లో ఉన్నాం. ఇప్పుడు ఆవిడ లేదు కాబట్టి, నేను నీకు ఏమీ కానని నువ్వు అనుకుంటే అందులో తప్పు లేదు. నాకు మాత్రం తెలియాలి.

ఈ ఉత్తరం మూడుసార్లు మడిచాను. సరిగా రాలేదు.

ఇట్లు,
బైండరు

*

నవంబరు 2

మళ్లీ పైన ఖాళీయే. ఈసారి తెలిసే వదిలాను. ఎందుకో ఈ కట్ట చదివితే తెలుస్తుంది.

దీంతో పాటు ఏడు కాగితాలు పంపుతున్నాను. లెక్చరరు గారికి ఇవ్వాల్సినవే, బైండు చేసి ఇవ్వాలన్నారు. ఇక్కడ కళాశాల ఎదురుగానే ఒక షాపుంది. అక్కడికి వెళ్లాలనిపించలేదు.

"ఇచ్చిన కాగితాలు చదవకూడదు, ఇచ్చిన వరుస మార్చకూడదు" అని మీ షాపు నియమాలు రెండు. అమ్మ వాటిని నాకు పాఠంలా అప్పజెప్పేది. ఈసారి మొదటి నియమం తప్పండి. చదివాకే బైండు చేయండి. మీరడిగిన ప్రశ్నకి నా జవాబు అందులోనే ఉంది. విడిగా ఉత్తరంలో రాయబోతే కలం ఆగిపోతోంది. ఉదాహరణ అనే మిషతో అయితే రాయగలిగాను.

వరుస గురించి బెంగ లేదు. రాసింది రాసినట్టు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ వచ్చాను, ఎక్కడా కలిసిపోలేదు. అలాగే కుట్టేయండి.

జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

*

నవంబరు 20

అమ్మాయీ,

పుస్తకం పంపుతున్నాను. నీలం గుడ్డ వేశాను, మూలలకి తోలు. పేరు బంగారు అక్షరాలతో కొట్టాను. ఇంగ్లీషు అక్షరాలు మన షాపులో తక్కువ, రెండు అచ్చులు పక్క షాపు నుంచి తెచ్చాను.

చదవమన్నావు కాబట్టి చదివాను. ముప్పై ఏళ్లలో బైండు చేసేముందు నేను చదివిన పుస్తకం ఇదొక్కటే. పై కాగితం చదవడం మొదలుపెట్టి, మధ్యలో లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాను. "ఈ మనిషి నాకు ఎప్పుడు నచ్చడం మొదలైందో నాకే తెలియదు. నేనేమీ చేయలేదు. తడిగోడకి నాచు పట్టినట్టు తనే వచ్చి పట్టాడు. ఇప్పుడు గీకినా పోడు" అని రాశావు. షాపులో యజమాని "ఏమయ్యా, కళ్లలో దుమ్ము పడిందా?" అన్నాడు. అవునన్నాను. ఆ రోజుకి అదొక్కటి చాలనుకుని, మిగతావి మర్నాటికి దాచుకున్నాను.

దాచుకోకుండా ఉండాల్సింది. మర్నాడు ఒక్కో కాగితం తీస్తుంటే, నువ్వు ఒక్కో మెట్టూ దిగుతూ వెళ్లావు. గొడుగు దగ్గర కాసేపు నిలబడ్డావు. తర్వాత "అలవాటు పడాలి, వేరే దారి లేదు" అన్నావు. ఆ తర్వాత "భరిస్తున్నాను" అన్నావు. ఆఖరి కాగితం ఇది: "మా అమ్మ చేసుకున్న మనిషి నాకు నచ్చలేదు. నచ్చడు. ఆయన చేతుల జిగురు వాసన మా ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి నేను నా ఇంట్లోనే అతిథిని. ఇదే నా మాట." దాని కింద రెండు గీతలు కొట్టావు.

నిన్ను తప్పుపట్టను. మీ అమ్మ ఉన్నన్నాళ్లూ ఆవిడ కోసం నన్ను ఇష్టపడాలని చూశావు. ఆవిడ పోయాక ఆ అవసరం పోయింది. మొహమాటం లేకుండా చెప్పినందుకు సంతోషమే. పైన ఖాళీ ఎందుకు వదిలావో కూడా తెలిసింది.

ఇల్లు ఖాళీ చేస్తున్నాను. దూరంగా ఒక పెద్ద ప్రెస్సులో బైండరు కావాలన్నారు, ఏడాదికి ఒప్పుకున్నాను. నీ పుస్తకాలు, బట్టలు పెట్టెలో సర్ది పక్కింటి కుట్టుమిషనావిడ దగ్గర పెట్టాను. మీ అమ్మ ఎముక బద్ద ఈ పార్సిల్లోనే ఉంది. దాన్ని ఉంచుకోవాలని నాకు ఉండింది. కానీ అది నీది.

పుస్తకాన్ని మధ్యకి తెరవకు. ముందు నుంచి నాలుగు, వెనక నుంచి నాలుగు.

ఇట్లు,
బైండరు

*

నవంబరు 26

బాబాయికి,

మీరు ఎక్కడికి వెళ్లారో నాకు తెలియదు. షాపు యజమాని గారి పేరుతో పంపుతున్నాను, దయచేసి మీకు చేరవేయమని కవరు మీద రెండు చోట్ల రాశాను.

బాబాయ్, పుస్తకం తిరగబడింది. వెనక నుంచి ముందుకి ఉంది. తప్పు మీది కాదు, నాది. నేను జూన్‌లో రాసిన కాగితం బల్ల మీద పెట్టాను. తర్వాత రాసింది దాని మీద పెట్టాను. అలా ఏడూ అయ్యేసరికి మొదటిది అడుగుకి పోయింది, ఆఖరిది పైకి వచ్చింది. కట్ట కట్టేటప్పుడు తిప్పాలని తట్టలేదు. పైగా వరుస సరిగ్గా ఉందని మీకు రాశాను! నలభై రెండు మంది పిల్లలకి "పేజీకి నంబరు వేయనివాళ్లకి అర మార్కు కోత" అని చెప్పే పంతులమ్మని.

మీరు ఆఖరిదని చదివిన కాగితం నేను హాస్టల్‌కి వచ్చిన వారానికి రాసింది. నాచు కాగితం అమ్మ పోయిన పద్నాలుగో రోజున రాశాను. అమ్మ పోయిన సంగతి అందులో రాయలేదు, లెక్చరరు గారి ముందు ఏడవడం ఇష్టం లేక. రాసి ఉంటే మీకు వరుస తెలిసేది. మీరు మెట్లు దిగాననుకున్నారు. నేను ఆ మెట్లే ఒక్కొక్కటి ఎక్కాను, బాబాయ్. ఎక్కడానికి నాలుగేళ్లు పట్టింది.

జవాబు ఏమిటంటే, వస్తాను. ఇల్లు ఇంకా చేజారకపోతే ఉంచండి. దుప్పటి మీరు ఉతికినట్టే ఉండనివ్వండి.

లెక్చరరు గారు పుస్తకాన్ని విప్పించి మళ్లీ కుట్టించుకు రమ్మన్నారు. విప్పనని చెప్పాను. మీరు నా మాట నమ్మి వేసిన కుట్టు అది. వెనక నుంచి చదవండి అని ఒక చీటీ పెట్టి ఇచ్చాను. ఆయన కళ్లద్దాల పైనుంచి చూసి, "మొండిదానివమ్మా" అన్నారు.

అమ్మ ఎన్నిసార్లు అడిగిందో ఆ పిలుపు. ఒక్కసారి, వరండాలో అన్నా వినేది. ఈ ఉత్తరాన్ని ఆవిడ బద్దతోనే మడుస్తున్నాను. వంకరగా వస్తే క్షమించండి.

ఇట్లు,
మీ అమ్మాయి

*

డిసెంబరు 19

మా పంతులమ్మకు,

నీ ఉత్తరం మూడు వారాలు తిరిగి నిన్న చేరింది. తెరిచి పైన "బాబాయికి" అని చూసి, ఇది నాది కాదనుకుని మళ్లీ మడిచేశాను. ఇక్కడ ప్రెస్సు పై అంతస్తులో ముగ్గురం ఉంటాం. మిగతా ఇద్దరినీ అడిగాను, "మీలో ఎవరినైనా బాబాయి అని పిలిచే అమ్మాయి ఉందా?" అని. ఒకతను "నన్ను నా భార్యే పిలవడం మానేసింది" అన్నాడు. అప్పుడు తెరిచి చదివాను.

తప్పు నీ ఒక్కదానిదే కాదు. పై కాగితం చదివిన కళ్లతోనే ఆఖరిదీ చదివాను కదా, ఒక్కసారి తిరగేసి చూద్దామని అనిపించలేదు. ఆఖరి కాగితంలో ఉన్నదే నిజమై ఉంటుందని నాకు ముందే ఒక నమ్మకం ఉంది. అది తిరగబడకుండా వచ్చినా బహుశా నాచు కాగితాన్నే అనుమానించేవాణ్ని.

ఇల్లు లేదమ్మా. నేను వెళ్లిన వారానికే వేరేవాళ్లు దిగారు. ఇద్దరు పిల్లలట. గోడలకి సున్నం వేయించారట. మీ అమ్మ పొయ్యి పక్కన బొగ్గుతో గీసుకున్న ఫారాల లెక్క కూడా పోయే ఉంటుంది. మంచాలు ఇచ్చేశాను. నీ దుప్పటి మాత్రం పెట్టెలో ఉంది. ఒక్క నెల ఆగి ఉంటే ఆ రెండు గదులూ ఉండేవి. ఆ తొందర నాది. ఇక్కడ ఏడాదికి మాటిచ్చాను, కదలడానికి లేదు. నీకు ఉద్యోగం ఏ వైపు వేస్తారో అదీ తెలియదు. మనకి ఒక చోటు దొరికేలోపు ఇంకెంత కాలం పడుతుందో చెప్పలేను.

మడత చూశాను. ఒక అంచు కాస్త జరిగింది. పెద్ద తప్పు కాదు. బద్దని పడుకోబెట్టి నొక్కాలి, నిలబెట్టి కాదు. మీ అమ్మ నాకు చెప్పింది.

ఉత్తరాలు రాస్తూ ఉండు. రాసినప్పుడల్లా కింద మూలన నంబరు వెయ్యి. నేనూ వేశాను, చూడు. ఇది ఒకటి.

ఇట్లు,
మీ బాబాయి